కర్నూల్లో చుండూరు పాట

చుండూరు ఊచకోత మీద పాట కట్టినాం, ఆగస్టు 6న పాడ్తాండాం, నువ్వు వచ్చేయన్నా అని కర్నూలు నుంచి తమ్ముడు ఫోన్ చేస్తే కాచిగూడలో ట్రైన్ ఎక్కేశా. దిగి ఉగ్గాని బజ్జీ తిని, ఆటోలో కొండారెడ్డి బురుజు మీదుగా వాళ్లు పాడే చర్చి హాల్‌కి పోయా.

పాడేవాళ్లు పాతిక మంది దాకా ఉన్నారు, టీచర్లు, నర్సులు, డిగ్రీ పిల్లలు, ఒక టైలరన్న, ఎవరూ కచేరీలు చేసేవాళ్లు కాదు. హార్మోనియం, రెండు డప్పులు, అంతే.

1991లో గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితుల్ని చంపారు కదా, వాళ్ల పాట ఇది. సినిమా హాల్లో కాలు తగిలిందని మొదలైన గొడవ, ఆ తర్వాత సాంఘిక బహిష్కరణ, ఆఖరికి ఆగస్టు 6న వెంటపడి నరికి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లో పడేశారు. ఆ చరణం వచ్చేసరికి డప్పులు ఆపేస్తారు, ఆడవాళ్లే పాడతారు, ఎనిమిది పేర్లు ఎనిమిది గొంతులు, మిగతావాళ్లు కింద శ్రుతి పట్టుకునుంటారు. "మా ఏటి పేరే కదన్నా, అది పాడేటప్పుడు గొంతు పూడుకుపోతాది" అంది ఒక నర్సక్క.

నన్ను కదిలించింది మాత్రం కోర్టు చరణం. బాధితులు కొట్లాడి చుండూరులోనే స్పెషల్ కోర్టు పెట్టించుకున్నారు, 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. పాట అక్కడ ఆపేస్తే జనం ఊగిపోయేవాళ్లు, వీళ్లు ఆపలేదు, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసిన సంగతి కూడా పాడారు, ఆ లైన్ తాళం పూర్తికాకుండానే తెగిపోతుంది. నాకైతే ఇదే కరెక్ట్ అనిపించింది, గెలిచినట్టు పాడితే ఆ కుటుంబాలకి అబద్ధం చెప్పినట్టే. మళ్లీ డప్పు అందుకుని పేర్లు మొదలుపెడితే ఈసారి హాలంతా లేచి అందుకుంది, ముందు వరసలో ఒక పెద్దాయన అందరికంటే గట్టిగా.

తర్వాత టీ తాగుతూ చెప్పారు, వచ్చే ఏడు చుండూరులోనే, ఊరి నడిమధ్య వాళ్లని పూడ్చిన రక్తక్షేత్రం దగ్గరే పాడాలని ఉందంట, బస్సుకి డబ్బులు పోగేస్తున్నారు. నా చందా ఇచ్చేశా, మగ గొంతులు తక్కువున్నాయంటే పల్లవి కూడా రాసుకున్నా.