నన్ను నవ్వించకు అమ్మా

సాకర్ టీమ్‌లో మావాడికి ప్లేస్ రాలేదని ఈమెయిల్ వచ్చింది, అదీ సెలవులకని కోనసీమలో మా అమ్మ దగ్గరుండగా. అరుగు మీద మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. బొండాం కొట్టిస్తా, సాయంత్రం ఏటిగట్టు మీదకి బండి మీద తీస్కెళ్తా అని నేను ఊరుకోకుండా వాగుతుంటే "అమ్మా ప్లీజ్, నన్ను నవ్వించకు, నేను బ్లూ జోన్‌లో ఉన్నా, ఉండనీ" అన్నాడు.

వాళ్ళ స్కూల్లో నేర్పుతారు లెండి. బ్లూ అంటే దిగులు, నీరసం, గ్రీన్ అంటే కుదురు, యెల్లో అంటే కంగారో మరీ హుషారో, రెడ్ అంటే పొద్దున బస్సు టైముకి నేను. ఏ రంగూ తప్పు కాదట. పేరెంట్స్ మీటింగ్‌లో బాగా తలూపాను కూడా. తీరా వాడు బ్లూలో కూర్చుంటే ఓర్చుకోలేక "ఏడిస్తే టీమ్‌లోకి తీసుకుంటారా?" అనేశా.

అచ్చం మా నాన్న మాట. 1996 నవంబర్ 6 తుఫానులో మా కొబ్బరితోట చాలావరకు పడిపోయింది, మళ్ళీ మొక్క వేస్తే కాపుకి ఆరేడేళ్ళు. అమ్మ కళ్ళొత్తుకుంటుంటే "ఏడిస్తే చెట్లు లేస్తాయా" అని గునపం పట్టుకుని వెళ్ళిపోయారు. తొమ్మిదో క్లాసులో ఉన్న నాకు ధైర్యమంటే అదే అనిపించింది. ఆ తర్వాత చాన్నాళ్ళు ఆయన చీకటి పడేదాకా ఆ తోటలోనే ఒక్కరూ కూర్చునేవారట, మొన్నే అమ్మ చెప్పింది.

ఈలోగా టీవీలో ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, 11.75 అడుగులు. రెండోది 13.75, మూడోది 17.75 అని అమ్మ చెప్తుంటే "అమ్మమ్మా, గోదారికి కూడా జోన్స్ ఉన్నాయా?" అని లేచొచ్చాడు.

"ఆయ్, ఉంటాయ్. మొదటిదానికి కాజ్‌వే మునుగుద్ది, పడవెక్కుతాం. రెండోదానికి గేదెల్ని గట్టెక్కిస్తాం."

"ఆపడానికి ఏం చెయ్యరా?"

"ఆగమంటే ఆగుద్దేంట్రా, రా, అన్నం తిందువు గాని."

వెళ్ళి తిన్నాడు. నేనంతసేపు మొత్తుకున్నా కదలనివాడు!

ఏడుపుకే కాదు, సంతోషానికీ నేను బ్రేకే. కిందటేడు గోల్ కొట్టి ఇల్లంతా గెంతుతుంటే "అంత నవ్వకు, ఏడుపొస్తుంది" అన్నా, పైగా నాకు నమ్మకాల్లేవంటూనే ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి స్టవ్ మీద వేశా, స్మోక్ అలారం మోగి మా ఆయన టవల్ ఊపుకుంటూ పరిగెత్తాడు.

పిల్లల్ని కాసేపు బాధపడనివ్వండి అని చెప్దామనే మొదలెట్టాను ఇది. కాసేపంటే ఎంతసేపో మరి? ఒక పూటయితే సరే, మా నాన్నలా నెలలయితే? అప్పుడు కూడా అన్నానికి పిలిచి ఊరుకోవాలా, పక్కన కూర్చోవాలా, ఎవరికైనా చూపించాలా? అమ్మనడిగితే "మీ నాన్ననీ అన్నానికే పిలిచేదాన్నే" అంది, అది సరిపోయిందని మాత్రం అనలేదు.

ఇప్పుడు వాడు వీడియో కాల్‌లో ఫ్రెండ్‌తో పడీపడీ నవ్వుతున్నాడు. అంత నవ్వకురా అని నోటిదాకా వచ్చింది. అనేశాను కూడా.