కోరాపుట్ చలికి ఇన్‌స్టంట్ గీజరు చాలుతుందా? రెండు ఇళ్ల కొలతల నమోదు

రెండు ఇళ్లకు గీజరు ఎంపిక పక్కపక్కనే నడుస్తోంది. ఒకటి ఒడిశాలోని కోరాపుట్‌లో, సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున, నలుగురుండే ఇల్లు. రెండోది కింద రాయగడలో, ఎత్తు 200 మీటర్ల పైచిలుకు, ఉండేది ఇద్దరు. రెండు చోట్లా దుకాణంలో చూపించేది ఒకటే పెట్టె: 3 లీటర్లు, 3 కిలోవాట్లు, "ఇన్‌స్టంట్". జవాబు మాత్రం ఒకటి కాదని మొదటి కొలతలకే తేలింది.

ఆ పెట్టెలో కూడా చిన్న ట్యాంకు ఉంటుంది. ముందుగా కాగిన 3 లీటర్లు అయిపోయాక, పారే నీటిని వేడిచేయడానికి 3 కిలోవాట్ల కాయిలే దిక్కు. ట్యాంకు అసలే లేనివి రెండు రకాలు: పెద్ద కాయిలున్న కరెంటువి, ఎల్‌పీజీ గ్యాసువి. మూడింటికీ లెక్క ఒకటే.

నీళ్ల లెక్క

కావలసినవి మూడు: 20 లీటర్ల బాల్చీ, ఫోనులో స్టాప్‌వాచ్, వంటింటి డిజిటల్ థర్మామీటరు. బాల్చీ మీద రాసిన అంకెను నమ్మకూడదు. లీటరు సీసాతో పోసి, లోపల 10, 15, 20 దగ్గర గీతలు పెట్టుకోవాలి. చాలా బాల్చీలు అంచు దాకా నింపితేనే 20. స్నానానికి మనం నింపేది 16, 17 లీటర్లే.

థర్మామీటరును తెల్లవారి ఆరింటికి కుళాయి కింద పెట్టాలి. గొట్టంలో నిలిచిన నీళ్లు పోయి ట్యాంకు నీళ్లు వచ్చేదాకా రెండు నిమిషాలు వదిలి అప్పుడు చూడాలి. జనవరిలో కోరాపుట్‌లో 14 డిగ్రీలు వచ్చింది, రాయగడలో 21. స్నానానికి 40 డిగ్రీలు చాలు. అంటే పైన 26 డిగ్రీలు పెంచాలి, కింద 19. ఈ ఏడు డిగ్రీల తేడా దగ్గరే కథ మారుతుంది.

సూత్రం: నిమిషానికి ఎన్ని లీటర్లో దాన్ని పెంచాల్సిన డిగ్రీలతో గుణించి 14.3తో భాగిస్తే కావలసిన కిలోవాట్లు వస్తాయి. తిప్పి చూస్తే, 3 కిలోవాట్ల గీజరు నిమిషానికి ఇచ్చే లీటర్లు = 43 ÷ డిగ్రీలు. కోరాపుట్‌లో అది 1.65 లీటర్లు. 20 లీటర్ల బాల్చీ నిండడానికి 12 నిమిషాలు.

షవరు సంగతి వేరు. మామూలు షవరుకు నిమిషానికి 6 లీటర్లు వేసుకుంటే 6 × 26 ÷ 14.3 = 10.9 కిలోవాట్లు. సింగిల్ ఫేజ్ మీద అది 47 ఆంపియర్లు. ఇంటి మెయిన్ ఎంసీబీయే (కరెంటు మితిమీరితే తనంతట తెగే స్విచ్) 32 లేదా 40. కాబట్టి ఇల్లంతటికీ ఒకే కరెంటు ట్యాంక్‌లెస్ అన్న ఆలోచన సింగిల్ ఫేజ్ ఇంట్లో అక్కడితో ఆగిపోతుంది. త్రీఫేజ్ తీసుకోవచ్చు, కానీ బిల్లులో కాంట్రాక్ట్ డిమాండ్ (ఇంటికి రాయించుకున్న లోడు) పెరుగుతుంది. రెండు మూడు నెలల చలి కోసం ఏడాది పొడుగునా ఫిక్స్‌డ్ చార్జీ కట్టాలి. మనకది దండగ.

వోల్టేజీ

దీన్ని దుకాణంలో ఎవరూ అడగరు, ఇన్‌స్టంట్ గీజరును దెబ్బతీసేది మాత్రం ఇదే. కాయిలు ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి మారుతుంది. 230 దగ్గర 3 కిలోవాట్లు ఇచ్చేది 190 దగ్గర 2.05కి పడుతుంది. వోల్టేజీ ఆరో వంతు తగ్గితే వేడి మూడో వంతు పోతుంది.

కొలిచే పద్ధతి: వీధిలో అందరూ మోటార్లు వేసుకునే వేళే, అంటే ఉదయం ఆరు, ఏడు మధ్య, మల్టీమీటరు పెట్టాలి. ఖాళీ లైను మీద కొలిచి లాభం లేదు. బరువు (లోడు) వేసి చూడాలి: ఒక సాకెట్టులో ఇస్త్రీపెట్టె, ఇంకోదాంట్లో బాల్చీ నీళ్లలో ముంచిన 1.5 కిలోవాట్ల రాడ్డు. రెండూ నడుస్తుండగా వచ్చిన అంకే లెక్క. రాడ్డు ఆన్‌లో ఉన్నంతసేపు ఆ బాల్చీని ఎవరూ తాకకూడదు, ఇనప బాల్చీ అసలు వాడకూడదు.

కోరాపుట్ ఇంట్లో బరువు లేనప్పుడు 205, బరువు మీద 190. స్తంభం నుంచి ఇంటికి వచ్చిన సర్వీసు తీగ పొడుగూ పాతదీ. బాల్చీకి 12 నిమిషాలు అనుకున్నది 18 నిమిషాలకు చేరింది. రాయగడలో బరువు మీద 222 నిలిచింది, కాయిలు 2.8 కిలోవాట్లు ఇస్తుంది, బాల్చీ తొమ్మిదిన్నర నిమిషాల్లో నిండుతుంది. ఇద్దరికి ఇది హాయిగా సరిపోతుంది.

స్టెబిలైజరు పెడితే పోదా అని అడుగుతారు. 3 కిలోవాట్లకు తగిన స్టెబిలైజరు ఖరీదు గీజరును మించిపోతుంది. పైగా అది లైను నుంచి మరింత కరెంటు లాగి ఉన్న వోల్టేజీని ఇంకా కిందికి దించుతుంది. తీగ మార్చడమే సరైన మందు.

భోగి రోజు పరీక్ష

గీజరు సైజును మామూలు రోజుకు కాదు, భోగికి చూసుకోవాలి. ఏడాదిలో బాగా చలిగా ఉండే రోజులవి, పైగా తెల్లారకముందే ఇంటిల్లిపాదికీ తలంటు. మనిషికి రెండు బాల్చీల చొప్పున నలుగురికి 160 లీటర్లు, 26 డిగ్రీల పెంపు: 4.84 యూనిట్లు. 190 వోల్టుల మీద 3 కిలోవాట్ల ఇన్‌స్టంటుకు ఏకధాటిగా 2 గంటల 20 నిమిషాలు. నూనె రాసుకున్నవాళ్లు వరసలో వణుకుతూ కూర్చోవాలి.

25 లీటర్ల స్టోరేజీ గీజరైతే 60 డిగ్రీలకు కాగిన నీళ్లలో చన్నీళ్లు కలిపితే 44 లీటర్లవుతాయి, రెండు బాల్చీల పైన. రాత్రో వేకువనో కాగి ఉంటుంది కనుక తెల్లవారి వోల్టేజీ పడ్డా మొదటి ఇద్దరికి తెలియదు. మామూలు రోజున తలా బాల్చీ లెక్కన నలుగురికి నాలుగు కావాలి. రెండోసారి కాగడానికి 2 కిలోవాట్ల కాయిలుకు మంచి వోల్టేజీ ఉంటే 40 నిమిషాలు, 190లో గంట. బడికెళ్లే పిల్లలు ముందు, పెద్దలు తర్వాత అనుకుంటే సర్దుకుంటుంది. భోగికి ఇదీ చాలదు, కానీ ఆరోజు వాకిట్లో మంట ఎలాగూ ఉంటుంది. దాని పక్కన రాళ్లు పెట్టి కాగు ఎక్కిస్తే రెండు పనులకూ నిప్పు ఒకటే.

గ్యాసు గీజరు ఎందుకు ఆగింది

లెక్కల్లో గెలిచేది ఇదే. నిమిషానికి 6 లీటర్ల గీజరు 25 డిగ్రీలు పెంచుతుంది, దాదాపు 10.5 కిలోవాట్లు. బాల్చీ మూడున్నర నిమిషాల్లో నిండుతుంది. నిప్పు రవ్వకు రెండు పెద్ద సెల్లులు చాలు. కరెంటు పోయినా పైట్యాంకులో నీళ్లుంటే వేన్నీళ్లు వస్తాయి. రోజుకు నాలుగు బాల్చీలకు దాదాపు 220 గ్రాముల గ్యాసు, అంటే 14.2 కిలోల బండ ఈ పనికే వాడితే రెండు నెలలు.

పెట్టే చోటు విషయంలో మాత్రం బేరం లేదు. స్నానాలగది లోపల పెట్టకూడదు. కిటికీ ఉంది, ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది అన్నా సరే, కుదరదు. గాలి చాలని మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, రంగు ఉండదు. మనిషి మగతగా ఒరిగిపోతాడు. చలికి తలుపులన్నీ బిగించుకునే ఊళ్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. బయటి వరండా గోడకు బిగించి, గోడలోంచి సీపీవీసీ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) గొట్టంతో వేన్నీళ్లు మాత్రం లోపలికి తేవాలి. బండ నిటారుగా ఉండాలి, పక్కన మురుగుకాలవ, నేలలో గుంత ఉండకూడదు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, కిందికి దిగి అక్కడే నిలుస్తుంది. సురక్ష గొట్టం 1.5 మీటర్లు మించకూడదు, ఐదేళ్లకు మార్చాలి.

కోరాపుట్ ఇంటికి అలాంటి వెనక వరండా ఉంది. ఆగింది నీటి ఒత్తిడి దగ్గర. గీజరులో డయాఫ్రమ్ (పలచని రబ్బరు పొర) ఉంటుంది; నీటి ఒత్తిడి దాన్ని నొక్కితేనే గ్యాసు తెరుచుకుంటుంది. ఈ మోడలు ప్లేటు మీద కనీసం 0.25 బార్ అని ఉంది, అంటే 2.5 మీటర్ల నీటి ఎత్తు. స్లాబు 3 మీటర్ల ఎత్తున, దానిపై స్టాండు మీటరు, గీజరు నేలకు మీటరున్నర ఎత్తున. టేపు పెట్టి తీస్తే ట్యాంకు అడుగు నుంచి సరిగ్గా 2.5 మీటర్లు. నిండు ట్యాంకుకు వెలుగుతుంది. నీళ్లు అడుగుకు దిగాక, గీజరులో నీటిని వడకట్టే జాలీలో కాస్త ఇసుక చేరినా, సబ్బు ఒంటి మీద ఉండగానే ఆరిపోతుంది. ఒత్తిడి పంపు పెడితే కరెంటు లేకున్నా పనిచేస్తుందన్న లాభం పోతుంది. స్టాండును ఇంకో మీటరు లేపడం ఒక దారి. 500 లీటర్ల ట్యాంకు అంటే అర టన్ను, ఇనపచట్రం కాళ్లు కింద గోడల మీదకు వచ్చేలా మేస్త్రీ చూసి చెప్పాలి. అది ఎండాకాలం పని.

మరో చిక్కు చలిది. ఈ గీజరు గంటకు దాదాపు కిలో గ్యాసు తాగుతుంది. పది డిగ్రీల ఉదయాన సగానికి పైగా ఖాళీ అయిన బండలో ద్రవం అంత వేగంగా ఆవిరి కాలేదు. బండ అడుగు చెమర్చి మంట చిన్నబోతుంది. చూసినవాళ్లు బండ అయిపోయిందనుకుంటారు. మధ్యాహ్నం మళ్లీ బాగానే మండుతుంది.

రాయగడలో బిగింపు

3 లీటర్ల, 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్. ఐఎస్ఐ గుర్తు, నీటి చిందులను తట్టుకునే ఐపీఎక్స్4 రేటింగు చూసి తీసుకున్నది.

కరెంటు వైపు: బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేది), గది బయట ఎర్ర లైటున్న డీపీ స్విచ్ (రెండు తీగలనూ ఒకేసారి తెంచేది). 13 ఆంపియర్లకు 2.5 తీగా సరిపోతుంది కానీ రేపు 4.5 కిలోవాట్లది పెడితే దాదాపు 20 ఆంపియర్లు. అప్పుడు గోడ మళ్లీ తవ్వక్కర్లేదు, ఎంసీబీ 25ది వేసి, సాకెట్టు తీసేసి నేరుగా కనెక్టరుకు కలపాలి. 16 ఆంపియర్ల ప్లగ్గులో 4.5ది పెడితే పిన్నులు నల్లబడి ప్లాస్టిక్ కరుగుతుంది.

ఎర్తుకు మల్టీమీటరు ఒక్కటే చాలదు. తుప్పు పట్టిన క్లాంపుతో వేలాడే ఎర్తు తీగ కూడా ఫేజుతో కలిపి కొలిస్తే 230 చూపించగలదు, లీకు కరెంటును మోయలేదు. ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ టెస్టరుతో కొలిపిస్తే 5 ఓములలోపు రావాలి. రాతినేలలో వేసవికి పెరుగుతుంది. ఎర్తు గుంతలో నీళ్లు పోస్తుండాలి.

నీటి వైపు: వేన్నీళ్ల గొట్టం సీపీవీసీ మాత్రమే. తెల్ల పీవీసీ మెత్తబడి అతుకుల దగ్గర ఊడుతుంది. అరంగుళం సీపీవీసీ మీటరుకు దాదాపు 120 మిల్లీలీటర్లు పడుతుంది. వంటిల్లు పది మీటర్ల దూరంలో ఉంటే కుళాయి తిప్పిన ప్రతిసారీ లీటరుకు పైగా చల్లారిన నీళ్లు పారబోయాలి. అందుకే గీజరు స్నానాలగదికే, వంటింటికి లాగలేదు. పెట్టెతో వచ్చిన సేఫ్టీ వాల్వును చన్నీళ్ల వైపు, బాణం గుర్తు గీజరు వైపుండేలా బిగించాలి. చాలామంది ప్లంబర్లు దాన్ని పెట్టెలోనే వదిలేస్తారు; అడిగి పెట్టించుకోవాలి.

మొదటిసారి స్విచ్ వేసేముందు వేన్నీళ్ల కుళాయి విప్పి, బుడగలు పోయి ధార నిండుగా వచ్చేదాకా ఆగాలి. ఖాళీ ట్యాంకులో కాయిలు నిమిషంలో మాడుతుంది, వారంటీ కూడా వర్తించదు. స్విచ్ వేయకముందే కాయిలు నిరోధం కొలిచి రాసిపెట్టుకుంటే మేలు: 3 కిలోవాట్లదానికి 17.6 ఓముల దగ్గర ఉండాలి.

ఇక్కడివి బోరునీళ్లు, సబ్బు సరిగా నురగ రాదు. టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన మొత్తం లవణాలనే చెబుతుంది, కాయిలు మీద పొర కట్టే సున్నపు లవణాలను విడిగా చెప్పదు. లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, కరెంటు తీసి, ట్యాంకులో గంట నిలిపి కడిగేయాలి. పొర కట్టాక చేయడం కన్నా ముందే మేలు. పొర కింద కాయిలు వేడెక్కి కటౌట్ (వేడి మితిమీరితే కరెంటు ఆపేది) పదేపదే పడిపోతుంటుంది, జనం థర్మోస్టాట్ పోయిందని మార్పిస్తారు.

కోరాపుట్‌లో ప్రస్తుతం

25 లీటర్ల స్టోరేజీ ఖాయమైంది. నీళ్లతో కలిపి 35 కిలోలు దాటుతుంది. ఆ గోడ మట్టి అడుసుతో కట్టిన పాత ఇటుకది, ప్లాస్టిక్ ప్లగ్గులు ఆగవు. గోడ ఆరపార బోల్టులు వేసి వెనక ఇనప పట్టీ ఇవ్వాలి. బోల్టుల రంధ్రాలకు గుర్తులు పెట్టడం అయింది. సర్వీసు తీగ మార్పుకు దరఖాస్తు వెళ్లింది. తీగ మారాక అదే వేళకు, అదే ఇస్త్రీపెట్టె, రాడ్డు బరువుతో మళ్లీ కొలవాలి. 215 దాటితే వంటింటి సింకు మీద లీటరు ఇన్‌స్టంట్ ఒకటి పెట్టవచ్చు, గిన్నెలు కడగడానికి. రెండూ ఒకేసారి నడవకుండా ఒకే చేంజోవర్ స్విచ్ (ఒకసారికి ఒకదానికే కరెంటు ఇచ్చేది) కింద. దాటకపోతే వంటింటికి గీజరు వద్దు.