సముద్రం కింది ఊరికి అగ్రిమెంటు: నా అనుభవం

విశాఖ దగ్గర యారాడ తీరానికి దూరంగా, రెండు వందల మీటర్ల లోతులో జనం కాపురాలు చేసే ఒక ఊరు. నేను రాసే సైన్స్ ఫిక్షన్ సిరీస్ అంతా అక్కడే నడుస్తుంది. ఆ ఊరి ముఖ్యమైన కట్టుబాటు: పైకి రావాలంటే ఎవరైనా సరే వారం పైగా పీడనపు గదిలో కూర్చోవాల్సిందే. ఇది నా కల్పన కాదు. అంత లోతు పీడనానికి అలవాటుపడ్డ డైవర్లను ముప్పై మీటర్లకు సుమారు ఒక రోజు చొప్పున, ఆపైన మరో రోజు కలిపి, నెమ్మదిగా మామూలు గాలికి తెస్తారు. తొందరపడితే ఒంట్లో కరిగిన వాయువు బుడగలు కట్టి ప్రాణం మీదికొస్తుంది. అమ్మ పోయిందని కబురొచ్చినా కొడుకు వెంటనే పైకి రాలేడు. నా కథలన్నీ ఆ గదిలోంచే పుట్టాయి.

మొదట పత్రికలో వచ్చాయి, తర్వాత పుస్తకాలయ్యాయి. ఒక ఆడియో కంపెనీ చదివించి పెట్టాక వినేవాళ్లు బాగా పెరిగారు. ఇక కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది: కామిక్స్, వెబ్ సిరీస్, గేమ్, వేరే రచయితలతో కొత్త కథలు, అన్నీ కలిపి ఒక 'యూనివర్స్' చేద్దామని. దాంతోపాటే అగ్రిమెంటు. కథలు, పాత్రలు, ఊరు, పేరు, ఇకమీదట నేను రాసేవి కూడా, ఇప్పుడున్నవీ రాబోయేవీ అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా, విశ్వమంతటా వాళ్లకే. భూమి చాల్లేదు కాబోలు! బదులుగా ఒకేసారి ఇచ్చే మొత్తం. చిన్న మొత్తమేం కాదు. మా ఇంట్లో చాన్నాళ్లు దాని గురించే మాటలు.

సూర్యాబాగ్‌లో, కోర్టు దగ్గర నాకు తెలిసిన లాయరు గారున్నారు. ఆయనవన్నీ భూముల కేసులు. కాగితాలు తిరగేసి, "మాస్టారూ, ఇల్లు అమ్ముతూ, పెరట్లో ఇకముందు కాసే కాయలు కూడా రాసిచ్చేస్తున్నారు మీరు" అని తన జూనియర్‌ని పిలిచారు. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలో చదివిన అమ్మాయి. అసలు పని అంతా ఆ అమ్మాయే చేసింది.

"సర్, ముందు హక్కులు అమ్ముతున్నారా, మీ దగ్గరే ఉంచుకుని కొన్నాళ్లు వాడుకోమని లైసెన్స్ ఇస్తున్నారా తేల్చుకోండి" అంది. 1957 నాటి కాపీరైట్ చట్టం తీసి 19వ సెక్షన్ చూపించింది. హక్కులు రాసిచ్చే కాగితంలో కాలం రాయకపోతే ఐదేళ్లనే లెక్క. ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే. తీసుకున్న హక్కును కంపెనీ ఏడాదిలోగా వాడకపోతే అది తిరిగి రచయితకే వస్తుంది, అగ్రిమెంట్లో వేరేగా రాసుకుంటే తప్ప. "ఆ 'తప్ప' దగ్గరే పని కానిచ్చేశారు చూడండి" అని ఎక్కడో పదిహేడో పేజీలో ఉన్న లైను మీద పెన్నుతో గీత గీసింది. రాబోయే మాధ్యమాల సంగతికి 2012 సవరణ ఉంది: ఫలానా మాధ్యమం అని ప్రత్యేకంగా రాయకపోతే, సంతకం నాటికి లేనిదానికి ఆ బదిలీ వర్తించదు.

హక్కులు అమ్మేసినా కథను వికృతం చేసి రచయిత పరువు తీస్తే అడ్డుకోవచ్చని 57వ సెక్షన్ ఉంది కదా అన్నాను. ఉంది. హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన నవలను సినిమాగా తీసినవాళ్ల మీద ఆ సెక్షన్‌తోనే ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు, 1986లో తీర్పు వచ్చింది. "కానీ మీ డైవర్ మూడు నిమిషాల్లో పైకొచ్చేస్తే మీ పరువు పోయిందని జడ్జి గారికి ఎలా చెప్తారు సర్?" అంది. నా దగ్గర జవాబు లేదు. అది అగ్రిమెంట్లోనే ఉండాలి.

ఈలోగా కాపీరైట్ రిజిస్ట్రేషన్. చట్టప్రకారం తప్పనిసరి కాదు, కానీ తగాదా వస్తే చేతిలో కాగితం ఉండాలి. ఆన్‌లైన్‌లో ఒక్కో పుస్తకానికి 500 రూపాయలు, డైరీ నంబరు, అభ్యంతరాలకు 30 రోజులు, పబ్లిషర్ నుంచి ఎన్‌ఓసీ. సిరీస్ పేరుకు మాత్రం కాపీరైట్ రాదు, టైటిల్‌కు ఆ రక్షణ లేదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని పేరుకు ట్రేడ్‌మార్క్ వేశాం, వినోదం, చదువు సేవలకు చెందిన 41వ క్లాసులో, 4,500 రూపాయలు. మనకు ఆఫీసు చెన్నైలో.

తర్వాత బేరాలు. కంపెనీ కుర్రాడు మర్యాదస్తుడే. "'స్టార్ వార్స్' తీసిన జార్జ్ లూకాస్ అంతటివాడే అమ్మేశాడు కదా సార్" అన్నాడు. అమ్మాడు బాబూ, 2012లో, డిస్నీకి, 405 కోట్ల డాలర్లకు. కానీ 1977 నాటి మొదటి 'స్టార్ వార్స్' సినిమాకు ఫీజు పెంచమని అడగకుండా, సీక్వెల్స్, బొమ్మల హక్కులు తన దగ్గర ఉంచుకున్నాడు కాబట్టే అప్పుడు అమ్మడానికి ఏదో మిగిలింది. అమ్మాక, కొత్త సినిమాల కోసం ఆయన రాసిచ్చిన కథలను వాళ్లు పక్కన పెట్టేశారు.

నన్ను ఎక్కువగా భయపెట్టింది వేరే కథ. 1963లో బీబీసీ టీవీ సీరియల్ 'డాక్టర్ హూ'కి డాలెక్‌లు అనే విలన్ జీవులను రాసిన టెర్రీ నేషన్ బయటి రచయిత, అందుకే వాటిలో ఆయనకు వాటా మిగిలింది. వాటికి రూపమిచ్చిన రేమండ్ క్యూసిక్ బీబీసీ ఉద్యోగి. ప్రపంచం గుర్తుపట్టే ఆ ఆకారం గీసినాయనకు కొద్దిపాటి బోనస్ తప్ప హక్కు దక్కలేదు. మరి నేను మాటల్లో రాసిన పీడనపు గదికి కంపెనీ ఆర్టిస్ట్ బొమ్మ గీస్తే? ఉద్యోగి గీసింది మామూలుగా యజమానిదే. రేపు అగ్రిమెంటు ముగిస్తే మాటలు నా దగ్గర, బొమ్మ వాళ్ల దగ్గర, ఇద్దరికీ పనికిరాకుండా పడుంటాయి. దీని మీదే అన్నిటికన్నా ఎక్కువ పట్టుబట్టాం. చివరికి, గడువు తీరిన తర్వాత, ఇప్పుడే అనుకున్న రేటుకి బొమ్మలు నేను కొనుక్కోవచ్చని రాశారు.

పాటలు, పోస్టర్లు, నటీనటులు, అన్నీ వదిలేశాను. నాకు కావాల్సింది నాలుగు పేజీల సిరీస్ బైబిల్, అంటే ఆ ఊరి కట్టుబాట్ల పత్రం. దాన్ని దాటే ఏ స్క్రిప్టుకైనా నా అనుమతి కావాలి. పదిహేను పనిదినాల్లో నేను జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే అన్నారు, సరే అన్నాను. ఆడియో, కామిక్స్ ఐదేళ్ల లైసెన్స్. వెబ్ సిరీస్‌కు ఏడాదిన్నర ఆప్షన్, అంటే తీయాలో వద్దో వాళ్లు ఆలోగా తేల్చుకోవాలి. గేమ్ ఇవ్వలేదు. డబ్బు తొలి ఆఫర్‌లో సగం కూడా లేదు, మా ఆవిడ ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

మొదటి కామిక్ స్క్రిప్టు వచ్చింది. హీరో లోతులోంచి తన్నుకొచ్చి ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ పక్కన తేలాడు, తేలగానే ఫైటింగ్! బైబిల్లో రెండో రూలు అని రాసి వెనక్కి పంపాను. రాసింది శ్రీకాకుళం అమ్మాయి. ఏం గొడవ చేస్తుందో అని నాకు కాస్త టెన్షన్. కథంతా గదిలోకి మార్చి మళ్లీ పంపింది. అంత లోతున హీలియం కలిసిన గాలి పీలుస్తారు, గొంతు కీచుగా కార్టూన్ బొమ్మ గొంతులా మారిపోతుంది. తల్లి పోయిన కొడుకు ఆ గొంతుతోనే ఏడుస్తుంటే ఇంటర్‌కమ్‌లో వినేవాళ్లంతా నవ్వాపుకోలేకపోతారు. గది ఆపరేటర్ పైడమ్మత్త ఒక్కర్తే నవ్వదు. ఇన్నేళ్లు ఆ గది గురించి రాసినవాణ్ని, ఆ ఏడుపు నాకు తట్టలేదు.

ఇప్పుడు పాఠకులు పైడమ్మత్త కథలే కావాలంటున్నారు. అగ్రిమెంటు ప్రకారం నా ఊళ్లో పుట్టిన పాత్ర ఎవరు రాసినా నాదే, ఆ క్లాజు పట్టుబట్టి పెట్టించింది నేనే. మొన్న ఆ అమ్మాయి ఫోన్ చేసి, "సార్, పైడమ్మని వెబ్ సిరీస్‌లో పెడితే నాకేమైనా వస్తుందా?" అని అడిగింది. పేరు వేయడానికి కంపెనీ ఒప్పుకుంది. డబ్బు మాత్రం నా రాయల్టీలోంచి ఇచ్చుకోమంది. సూర్యాబాగ్‌లో జూనియర్ ఆ కాగితం రాస్తోంది. శ్రీకాకుళం అమ్మాయి ఆ పాత్ర మీద వచ్చేదాంట్లో సగం అడుగుతోంది, నేను మూడో వంతు అన్నాను. ఇంకా తెగలేదు.