కాపీ హోల్డరు

మంగళవారం.

నాన్నను కంటి పరీక్షకు తీసుకువెళ్లాను. తొమ్మిదింటికే చేరినా చీటీ మీద 37 అని రాసి ఇచ్చారు. లోపల 11 నడుస్తోంది. సాయంత్రంలోగా పంపవలసిన అనువాదం ఒకటి ఉంది, మిరప సాగు మీద కరపత్రం. ఆ కుర్చీల్లో ల్యాప్‌టాప్ తెరిస్తే పక్కవారి మోచేతులకు చోటుండదు. అందుకే రెండు తెరల ఫోనుతో వెళ్లాను.

ఎల్‌జీ జీ8ఎక్స్. 2020 అక్టోబరు పండుగ అమ్మకాల్లో 19,990 రూపాయలకు కొన్నాను. అంతకు ముందు డిసెంబరులో మన దేశానికి వచ్చినప్పుడు దాదాపు 50 వేలు. నేను కొన్న ఆరు నెలలకు, 2021 ఏప్రిల్‌లో, ఎల్‌జీ ఫోన్ల వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. రెండో తెర ఫోను తొడుగులోనే ఉంటుంది, పుస్తకం అట్టలా తెరుచుకుంటుంది. దానికి కెమెరా లేకపోయినా, తెర పై అంచున కెమెరా కోసం వదిలే గంటు మాత్రం ఉంది. కవలల్లో ఒకరికి పుట్టుమచ్చ ఉందని రెండోవారికి కాటుకచుక్క పెట్టినట్లు. రెండూ కలిపితే బరువు 300 గ్రాములు దాటుతుంది.

రెండు తెరలుంటే రెండు పనులు ఒకేసారి చేయవచ్చంటారు. మొదటి నెల అలాగే చేసి రెండూ చెడగొట్టుకున్నాను. ఒక తెరలో వాట్సాప్ తెరిచానంటే రెండో తెరలోని పని అనాథే. ఒకే పనిని రెండుగా విప్పి పక్కపక్కన పరుచుకోవడానికి మాత్రం దీన్ని మించింది నాకు దొరకలేదు. ఎడమన ఇంగ్లీషు మూలం, కుడిన నా తెలుగు. మూలం చూసి తిరిగి వచ్చేలోగా వాక్యం జారిపోయే బాధ లేదు.

నాన్న కాసేపు తొంగిచూసి, "ఇది కాపీ హోల్డరు కదమ్మా" అన్నారు.

నాన్న విజయవాడలో ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడరుగా చేశారు. మూలప్రతిని ఒక కుర్రవాడు కామాలతో, పేరాలతో సహా పైకి చదువుతుంటే నాన్న గ్యాలీ ప్రూఫు మీద, అంటే తప్పులు దిద్దడానికి ముందుగా తీసిన అచ్చుకాగితం మీద, పెన్ను కదిపేవారు. ఆ కుర్రవాడే కాపీ హోల్డరు. "మధ్యాహ్నం భోజనం అయ్యాక వాడికి కునుకు పట్టేది. దీనికి ఆ బెడద లేదు."

ఇంతలో నర్సు వచ్చి నాన్న కళ్లలో చుక్కలు వేసి వెళ్లింది. ఇక అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. దినపత్రిక మడిచి, "నువ్వు రాసింది చదువు, వింటాను" అన్నారు.

చదువుతున్నాను. వేపనూనె దగ్గరికి రాగానే ఆపారు.

"వారానికి రెండుసార్లా? ఆ కూలి ఎవరు పెట్టుకుంటారమ్మా?"

ఎడమ తెర చూశాను. 'బైవీక్లీ' అని ఉంది. ఆ మాటకు వారానికి రెండుసార్లు అనీ, రెండు వారాలకోసారి అనీ రెండర్థాలు. రెండు పేజీల తర్వాత పట్టికలో 14 రోజుల వ్యవధి అని స్పష్టంగా ఉంది. మూలం, అనువాదం ఉదయం నుంచి పక్కపక్కనే ఉన్నాయి. నా కళ్లకు ఆనలేదు. చిన్నప్పుడు పొలంలో మందు కొట్టినవారి చెవికి మాత్రం ఆనింది.

దిద్దుతుండగానే ఛార్జింగ్ తొమ్మిది శాతానికి వచ్చింది. తొడుగులో ఉండగా ఛార్జింగ్ పెట్టాలంటే అయస్కాంతపు ముక్క ఒకటి తగిలించాలి. చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఇంట్లో దేవుడి గూట్లో మరిచిపోయాను. ఫోనును తొడుగులోంచి ఊడబెరికి గోడ ప్లగ్గులో ఛార్జింగ్‌కు పెట్టాను. రెండో తెర నల్లబడిపోయింది.

"కాపీ హోల్డరు పడుకున్నాడు నాన్నా" అన్నాను.

"సరే, నువ్వు కానివ్వు."

మిగిలిన నాలుగు పేజీలూ గోడ పక్కన నిలబడి పైకే చదివాను. ఎందుకో మధ్యలో "కామా" అని కూడా చదవడం మొదలుపెట్టాను. నాన్న కళ్లు మూసుకుని వింటూ, నేను కామా అన్నప్పుడల్లా కుర్చీ చేతి మీద వేలితో తట్టారు. 37 అని పిలిచారు. లేచి నిలబడి కూడా, "ఆ పేరా పూర్తి చెయ్యి, వెళదాం" అన్నారు.