రఘునాథపల్లి దారిలో పొద్దుటి కల్లు

ఫిబ్రవరి చివర్లో జనగామ వైపు వెళితే ఒక లాభం ఉంది. ఈతకల్లు ఇంకా పూర్తిగా అయిపోదు, తాటికల్లు అప్పటికే మొదలై ఉంటుంది. రెండూ ఒకే పొద్దున రుచి చూడొచ్చు. ఆ రోజుల కోసమే ఆగి, చీకటితోనే హైదరాబాద్ నుంచి వరంగల్ హైవే పట్టుకున్నాను. భువనగిరి, ఆలేరు దాటి, జనగామలో టీ తాగి రఘునాథపల్లి చేరేసరికి తూర్పు ఎర్రబడుతోంది.

నా స్నేహితుడి మేనమామ ఆ దగ్గర్లో ఒక ఊళ్లో గీత కార్మికుడు. స్నేహితుడి మామ కాబట్టి నాకూ మామే. ముందురోజే ఫోన్‌లో చెప్పాడు: "ఎండెక్కినంక వస్తే లాభం లేదు అల్లుడా, పులిసిపోతది. ఏడు గొట్టకముందే వనంల ఉండాలె."

ఉన్నాను. చెరువు కట్ట కింద ఈతవనం, దాన్ని దాటాక పొలం గట్ల వెంట తాటిచెట్లు. మామ ముందు ఈతచెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు. ఈతచెట్టును దగ్గర్నుంచి చూస్తే మొద్దు నిటారుగా ఉండదు, అటూ ఇటూ మెట్లు మెట్లుగా కోసుకుపోయి ఉంటుంది. ఒక ఏడు ఈ పక్క చెక్కితే మరుసటి ఏడు ఆ పక్క చెక్కుతారు. పాత గాటు ఎండి నల్లబడుతుంది, దాని పైన ఎదురు పక్కన కొత్త గాటు పడుతుంది. ఆ గాట్లు లెక్కపెడితే ఆ చెట్టు ఎన్నేళ్లుగా కల్లిస్తోందో తెలిసిపోతుంది. మామ ఒక ముసలి చెట్టు మీద చెయ్యి వేసి కింది గాట్లు చూపించాడు. "గివి మా నాయిన గీసినయి" అన్నాడు. ఆ చెట్టు దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను.

ఈతకల్లు చలికాలపు సరుకు. రాత్రి ఎంత చల్లగా ఉంటే పొద్దున కల్లు అంత తేటగా, తియ్యగా దిగుతుంది. ఎండలు ముదిరే కొద్దీ ఈత వెనక్కి తగ్గి తాడి ముందుకొస్తుంది. తాటిచెట్లలోనూ అన్నీ ఒకటి కావు. పోతుతాడు, అంటే మగచెట్టు, కాయ కాయదు, దాని పూత గెలల్నే గీస్తారు. ఆడచెట్టుకైతే లేత గెలను పట్టుకుంటారు. కాయ ముదిరే కాలంలో వచ్చే పండుతాడు కల్లు వేరు. తాగడం అలవాటున్న పెద్దవాళ్లు కళ్లు మూసుకుని ఇది ఏ చెట్టుదో చెప్పేస్తారు. నాకంత నాలుక లేదు గానీ ఈతకూ తాడికీ తేడా మాత్రం ఆ పొద్దున స్పష్టంగా తెలిసింది. ఈత పల్చగా, నీళ్లంత తేలిగ్గా గొంతు దిగింది. పోతుతాడు కాస్త చిక్కగా, తాగాక నాలుక మీద కొంచెం చురుక్కుమంది.

హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలకు 2015లో నిబంధనలు వచ్చాక, మా ఆఫీసు వాళ్లం అప్పుడప్పుడూ వెళ్లడం అలవాటైంది. అక్కడి బీర్ల గురించి చదవడం నాకు ఇష్టం. జర్మనీలోని బవేరియాలో 1553లో ఒక ఆజ్ఞ వచ్చింది, ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు కాచకూడదని. వేసవి వేడికి బీరు పాడయ్యేది మరి. అందుకే మార్చిలోనే కాస్త ఘాటుగా కాచి, చల్లటి నేలమాళిగల్లో దాచిపెట్టుకుని ఎండాకాలమంతా తాగేవారు. మార్జెన్ అనే రకం అలా స్థిరపడింది. మ్యూనిక్‌లో క్రైస్తవ సన్యాసులు ఉపవాసాల రోజుల్లో ఒంటికి సత్తువ కోసం కాచుకున్న చిక్కటి బీరు నుంచి డాపెల్‌బాక్ వచ్చింది. వాళ్ల సీజన్లన్నీ దాచడం చుట్టూ తిరిగాయి. మన కల్లుకు ఆ వీల్లేదు. దాన్ని కాచేది లేదు, ఈస్ట్ కలిపేది లేదు. గాలిలో, లొట్టి (కల్లు పట్టే కుండ) గోడలకు అంటిన పాత తడిలో ఉన్న సూక్ష్మజీవులే చక్కెరను పట్టుకుంటాయి. గీసిన చోట నుంచి చుక్క లొట్టిలో పడీ పడగానే పని మొదలైపోతుంది. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి మామూలు బీరంత మత్తెక్కుతుంది. మర్నాటికి పులిసి, ఇంకా వదిలేస్తే సిర్కా (వెనిగర్) అవుతుంది. అందుకే కల్లులో స్ట్రాంగ్, లైట్ అనే తేడా ఎక్కువగా గడియారం చేతుల్లో ఉంటుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఈ పులవడం ఆగి నీరాగా నిలుస్తుంది. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచారు కదా, అది ఈ నీరా కోసమే.

ఇక మామ చెట్టెక్కడం. ముందు ఒక చెక్క పలక మీద తెల్లరాయి పొడి చల్లి కత్తి నూరాడు, బొటనవేలితో అంచు చూసుకున్నాడు. నడుముకు ముస్తాదు అనే పట్టీ బిగించి, కాళ్లకు గుజి అనే తాడు తొడిగి, మోకు అనే లావు తాడు చెట్టు చుట్టూ వేశాడు. గీత కార్మికుల దేవుడు కాటమయ్యకు దండం పెట్టుకున్నాడు. మోకును పైకి విసరడం, దాని మీద వాలి కాళ్లు ఎత్తడం, మళ్లీ విసరడం. చూస్తుండగానే మట్టల్లోకి చేరిపోయాడు. పైన గెల చివర కత్తితో ఒక పొర తీశాడు, ఉల్లిపొర అంత పల్చగా. ఎక్కువ కోస్తే గెల తొందరగా అయిపోతుంది, తక్కువ కోస్తే కల్లు పారదు. ఆ కొలత చేతికి రావడానికి ఏళ్లు పడుతుందట. ఇలా పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ప్రతి చెట్టూ ఎక్కి దిగాలి.

దిగాక తాటాకు మడిచి రేక చేశాడు. మొదట దేవుడి పేరున నేల మీద కొంచెం సాక పోసి, నా రేకలోకి వంచాడు. నురగలో ఒకటి రెండు తేనెటీగలు, కొన్ని చీమలు. వేలితో తీసేసి తాగాను.

అక్కడికి దగ్గర్లోనే ఖిలాషాపూర్. సర్వాయి పాపన్న కట్టించిన రాతికోట ఊళ్లోనే ఉంది, గుండ్రటి బురుజులతో. గీత వృత్తి కుటుంబంలో పుట్టి, ఆ పని వదిలి, మనుషుల్ని కూడగట్టి 1708లో వరంగల్ మీద పడ్డాడు. 1710లో మొగలులకు చిక్కాడు. గాయాలతో పారిపోతూ ఒక కల్లు అమ్మే మనిషి దగ్గర ఆగితే అక్కడే గుర్తుపట్టి పట్టించారని ఆ కాలపు పర్షియన్ రాతల ఆధారంగా చరిత్రకారులు చెబుతారు. కోట గోడ నీడలో నిలబడి ఆ చివరి ఘట్టం తల్చుకుంటే మనసు పట్టేసింది. రాళ్ల మధ్య చెట్లు మొలిచి గోడను చీలుస్తున్నాయి, దాన్ని త్వరగా బాగు చెయ్యాలి.

తిరిగొచ్చి మామ ఇంట్లో అన్నం తింటున్నప్పుడు మాట మోకు జారి పడ్డవాళ్ల మీదికి మళ్లింది. ప్రతి ఊళ్లోనూ అలాంటి ఇల్లు ఒకటి ఉంటుంది. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పని. చెట్టెక్కే ప్రతి మనిషికీ అది అందాలి. మామకు ఇంకో కోపం ఉంది. కొన్ని చోట్ల కల్లు పేరుతో అల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన నీళ్లు అమ్ముతున్నారు. అలవాటు పడినవాళ్లకు అది ఒక్కరోజు దొరక్కపోతే చేతులు వణుకుతాయి, పిచ్చి చూపులు చూస్తారు. "చెట్టు ఎక్కనోడు కల్లు అమ్ముతుండంటే ఎట్ల నమ్ముతవ్?" అన్నాడు మామ. నాకు ఆయన మాటే సరైంది అనిపించింది. ఊళ్లో ఎన్ని చెట్లు పారుతున్నాయో అందరికీ తెలుసు, అంతకు మించి కల్లు అమ్ముడవుతుంటే అది చెట్టుది కాదు.

మీరు వెళ్లాలనుకుంటే ఊళ్లో గీత పని చేసేవాళ్లను ముందే అడిగి పెట్టుకోండి. చాలా చెట్ల కల్లు రోజూ వచ్చేవాళ్లకు వాడికలో పోతుంది, మిగిలితేనే కొత్తవాళ్లకు. చెట్టు దించిన చోటే తాగండి, సీసాలో పట్టించుకుని హైదరాబాద్ తెచ్చుకోవాలనుకోకండి, ఘట్‌కేసర్ దాటేసరికి మూత ఎగిరిపోతుంది. బండి నడిపే మనిషి మాత్రం తాగకూడదు. నేను అందుకే మధ్యాహ్నం దాకా మామ ఇంటి అరుగు మీద పడుకుని, ఆ సాయంత్రం రఘునాథపల్లి స్టేషన్ మీదుగా కాజీపేట వైపు వెళ్లాను. పండుతాడు కాలం వచ్చినప్పుడు ఫోన్ చేస్తానన్నాడు మామ.