సగం ఖాళీ అయిన మూడో తరగతి

సంక్రాంతి సెలవుల తర్వాత ఈరోజు బడి తెరిచాం. మూడో తరగతిలో 14 మంది ఉండాలి, 6 మందే వచ్చారు. మిగతావాళ్లు అమ్మానాన్నలతో గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లిపోయారు. కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో ఇది ఏటా ఉండేదే. ఇక్కడ పంట అయిపోతే పని ఉండదు, ఊరు వదలక తప్పదు. వాళ్లను నేను తప్పు పట్టలేను.

డిసెంబరులో తీసివేతలు చకచకా చేసిన పిల్ల, తిరిగొచ్చేసరికి అంకెలు చదవడానికే తడబడుతుంది. పోయినేడు ఒక పాప మిరప ఘాటుకు చేతులు మండుతున్నాయని పెన్సిల్ పట్టుకోలేకపోయింది. ఆ చేతులు ఇంకా నా కళ్ల ముందే ఉన్నాయి.

వలస వెళ్లేవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు సీజనల్ హాస్టళ్లు పెడుతున్నారు, నిజమే. కానీ ఏడేళ్ల బిడ్డను వదిలి వెళ్లడానికి ఏ తల్లికి మనసొప్పుతుంది? ఇంట్లో అవ్వ ఉంటేనే పిల్లలు ఊళ్లో మిగులుతారు. ఐదు తరగతులకు మేం ఇద్దరు టీచర్లమే. హాజరు ఇలాగే పడిపోతే ఉన్న పోస్టు కూడా పోతుందేమోనని టెన్షన్.

మధ్యాహ్నం ఒక పిల్లాడు చిక్కీలో సగం జేబులో దాచుకున్నాడు. ఎవరికిరా అంటే చెల్లికి అన్నాడు.

"ఎప్పుడొస్తుంది?"

"ఉగాదికి, సార్."