402లోంచి 178 తీసేస్తే

2022 జూన్‌లో మా ఏడో తరగతికి పూర్ణసంఖ్యల పాఠం మొదలుపెట్టాను. మైనస్ గుర్తు దాకా పోకముందే తెలిసింది, చాలామందికి మామూలు తీసివేతే రావడం లేదని. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు వీళ్లు నాలుగో తరగతి. ఐదంతా ఇంట్లోనే గడిచింది. దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వచ్చాయి గానీ, అమ్మానాన్నలు కూలికి పోతే టీవీ ముందు కూర్చోబెట్టేదెవరు? చదవడం, రాయడం, లెక్కల్లో వెనకబడిన పిల్లల కోసం 2022లో ప్రభుత్వం పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం ఐదో తరగతి వరకే. మా పిల్లల సంగతి మేమే చూసుకోవాలి.

ముందు ఎక్కాలు బట్టీ పట్టించాను. నెల వృథా అయింది. పన్నెండో ఎక్కం గడగడా అప్పజెప్పిన అబ్బాయే 402లోంచి 178 తీసేయమంటే 376 అని రాశాడు. ఎర్ర పెన్నుతో కొట్టేయబోయి ఆగాను.

"ఎట్ల చేసినవ్ రా, చెప్పు."

"ఎనిమిదిల రెండు పోతే ఆరు, ఏడుల సున్నా పోతే ఏడు, నాలుగుల ఒకటి పోతే మూడు మేడమ్."

ఏ అంకె పైన ఉందో చూడడం లేదు, పెద్ద దాంట్లోంచి చిన్నది తీసేస్తున్నాడు. అది అజాగ్రత్త కాదు, ఇన్నాళ్లూ వాడు నమ్ముకున్న పద్ధతి. అప్పటి నుంచి ఒక్కొక్కరినీ పిలిచి, లెక్క చేస్తూ పైకి చెప్పమన్నాను. పద్నాలుగు మంది అక్కడే ఆగిపోయారు.

ప్రార్థనకు ముందు అరగంట వాళ్ల కోసం పెట్టుకున్నాను. చీపురు పుల్లలు, రబ్బరు బ్యాండ్లు. పది పుల్లలు ఒక కట్ట, పది కట్టలు ఒక మోపు. చిన్నపిల్లల్లా పుల్లలేంటని మొదట సిగ్గుపడ్డారు. అందుకే తలుపు దగ్గరగా వేసి చెప్పేదాన్ని.

"పక్క నుంచి అప్పు తెచ్చుకో" అని మనం అలవాటుగా అనేస్తాం. పక్కన సున్నా ఉంటే ఏం తెచ్చుకుంటారు? ఆ అబ్బాయి నాలుగు మోపులు, రెండు పుల్లలు ముందు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఒక మోపు విప్పాడు. పది కట్టలు. అందులో ఒక కట్ట విప్పాడు. రెండు పుల్లలు పన్నెండయ్యాయి. మిగిలిన కట్టలు లెక్కపెట్టి, "తొమ్మిదే ఉన్నయ్ మేడమ్!" అన్నాడు. సున్నా మీద తొమ్మిది ఎందుకు వేస్తారో వాడికి ఆ రోజు తెలిసింది.

దసరా సెలవుల తర్వాత పుల్లలు లేకుండానే 224 రాశాడు.

ఇప్పుడు భాగహారంలో ఉన్నాం. 612ని 6తో భాగిస్తే సగం మంది 12 అంటున్నారు. మళ్లీ ఆ సున్నాయే. రేపు పొద్దున ఆరు మోపులు కట్టి తీసుకెళ్లాలి.